రెండో గిద్ద నూనె

మా ఇంట్లోకి పనసపండు రాదు. నేనుండేది పలాసలో. ఎండాకాలం వస్తే ఉద్దానం నుంచి ఆటోల మీద పనసకాయలు గుట్టలుగా దిగే ఊరు. అయినా యాభై ఆరేళ్లుగా ఒక్క తొన కూడా నోట పెట్టలేదు. మా కోడలికి అదంటే ప్రాణం. పక్కింటికి వెళ్లి తిని, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వస్తుంది. అయినా నాకు తెలుస్తుంది. పనస వాసన సబ్బుకు లొంగదు. దాని జిగురు అసలే లొంగదు.

లెక్కల టీచరుగా ముప్ఫై మూడేళ్లు పనిచేశాను. తేదీ వేయకుండా చాకలి పద్దు కూడా రాయను. ఇక్కడ మాత్రం తేదీలు రాయను, పేర్లూ రాయను. ఈ కథలోవాళ్ల పిల్లలూ మనవలూ ఇంకా నేను పుట్టిన ఊళ్లోనే కొబ్బరికాయలు దింపించుకుని బతుకుతున్నారు. రోజుల లెక్క మాత్రం చెబుతాను. అది ఎక్కడా తప్పలేదనే మొన్నటిదాకా అనుకున్నాను.

పోయిన వేసవిలో ఒక పూట సెల్‌ఫోన్ మోగింది. పెద్దన్న కూతురు. "అత్తా, నాన్న నిన్ను సూడాలంతన్నాడు. డాక్టర్లు ఇంకేటీ నేదనీసినారు. వత్తావా?" అంది.

పెద్దన్న అంటే మా నాన్నగారి మొదటి భార్య కొడుకు. నాకంటే పదకొండేళ్లు పెద్ద. కిడ్నీలు పోయాయని, విశాఖపట్నం తిప్పి తిప్పి మానేశారని అంతకుముందే విన్నాను. కవిటి చుట్టుపక్కల అది వింత వార్త కాదు. ఆయన గడప నేను తొక్కి యాభై ఆరేళ్లయింది. అయినా వస్తానని చెప్పాను. ఆయన మీద జాలితో కాదు. ఆయనతో ఒక మాట చెప్పాలి. నా పదో ఏట, పెద్దల ముందు చెప్పవలసిన మాట.

మా ఇంటిని ఊరంతా కోట అనేది. కోటేమీ కాదు. మట్టిగోడలు, పెంకుల కప్పు, ముందు పెద్ద సింహద్వారం. ఆ ద్వారానికి ఒక తలుపే ఉండేది. రెండోది తుపానులో ఊడితే పశువుల సాలకు బిగించారు. గదులు ఇరవై రెండు. వాటిలో వాన కారనివి తొమ్మిది. మిగిలినవాటిలో జీడిపిక్కలు, కొబ్బరి డొక్కలు, గబ్బిలాలు. సావిట్లో పల్లకీ ఒకటి ఉండేది. దాని ముఖమల్ పరుపు మీద కోళ్లు గుడ్లు పెట్టేవి. పొద్దున్నే ఆ గుడ్లు ఏరి, ఎన్నో గోడ మీద బొగ్గుతో గీయడం నా పని. లెక్కల పిచ్చి నాకు అక్కడే పట్టింది. వేసవంతా తోటల్లోంచి మగ్గిన జీడిమామిడి పళ్ల పుల్లటి వాసన వచ్చేది, పిక్కలు కాల్చే పొగ కళ్లు మండించేది, రెంటి మీదుగా సముద్రం గాలి ఉప్పగా వీచేది.

మా జమీందారీ పోయిన రోజు బాగా గుర్తు. సర్కారు గుమస్తా సావిట్లో నిలబడి కాగితం చదివి, నాన్నగారి చేత సంతకం పెట్టించుకుని వెళ్లాడు. నాన్నగారు భోజనానికి కూర్చున్నారు. ఆ రోజు చేపల పులుసు. మారు వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుని, తుపాకీ తీసుకుని సాలకు వెళ్లి, ఇంట్లో మిగిలిన ఒక్క గుర్రాన్నీ చెవి వెనక కాల్చారు. ఒక గుండు చాలలేదు. "దీని మీద ఇంకెవుడూ ఎక్కడు" అని, తుపాకీ తుడిచి మళ్లీ గోడకు తగిలించారు. ఆయన ముందు ఎవరూ ఏడవకూడదు. ఏడవలేదు. మా అన్న, అంటే మా అమ్మ కొడుకు, నాకంటే ఏడేళ్లు పెద్ద, గోడ వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాడు. పెద్దన్న గుర్రం కాళ్లకు తాడు కట్టి ఇసుకలోకి ఈడ్పించాడు. ఇద్దరికీ తేడా అంతటిది.

పెద్దమ్మ, అంటే పెద్దన్న తల్లి, ఒడిషా సరిహద్దు అవతల పెద్ద ఇంటి ఆడపడుచు. ఆమె పెళ్లికి ఏనుగును కట్టారని చెప్పుకునేవారు. మా అమ్మది హరిశ్చంద్రపురం దగ్గర మామూలు రైతు కుటుంబం. తనకంటే తక్కువ ఇంటి పిల్ల పక్కన జమీందారు పీటల మీద కూర్చోకూడదని ఆ ఇంటి ఆచారం. అందుకని పెళ్లికి నాన్నగారు వెళ్లలేదు. కత్తిని పంపారు. పట్టుగుడ్డ కట్టిన కత్తిని పీట మీద నిలబెట్టి, పక్కన అమ్మను కూర్చోబెట్టి, కత్తి పిడికి తాకించిన తాళిని అమ్మ మెడలో కట్టించారు. ఆ కత్తిని ఒళ్లో పెట్టుకుని ఎడ్లబండిలో అమ్మ అత్తవారింటికి వచ్చింది. కుదుపులకు ఒరలోంచి జారకుండా పట్టుకునేసరికి చేతులు పడిపోయాయని చెప్పేది. తన పెళ్లి గురించి నాకు చెప్పింది అంతే.

అప్పటినుంచి ఆ కత్తి ఆమె పెనిమిటి. సావిడి వెనక చిన్న గదిలో, ఎర్రగుడ్డ పరిచిన పీట మీద ఉండేది. దీపాల వేళ అమ్మ దాని ముందు దీపం వెలిగించాలి. ఆ దీపానికి కొబ్బరినూనె పెద్దమ్మ వంటింట్లోంచి రావాలి, రోజుకు ఒక గిద్ద. ఇత్తడి గిద్దతో పెద్దమ్మే కొలిచేది. అంచుకు అంటిన నూనెను వేలితో తీసి తన తలకు రాసుకునేది, మాకు చుక్క ఎక్కువ రాకుండా. గిన్నె పట్టుకెళ్లేది నేను. "అట్టుకెల్లవే గుంటా, మీ ఇనప బాబుకి పొయ్యి" అనేది. నేను ఇనుముకు పుట్టిన పిల్లనని ఆమె ఎగతాళి.

ఆ కత్తిని అమ్మా నాన్నగారూ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఇది ఉత్తమాట కాదు. నీళ్లు మోసే ముసలాయన ఒకసారి గది ఊడుస్తూ దాన్ని పక్కకు జరిపాడు. నాన్నగారు అట్లకాడ ఎర్రగా కాల్పించారు. పెద్దన్న పట్టుకొచ్చాడు. ముసలాయన తనంతట తనే అరచెయ్యి చాపాడు. ఆ వాసన ఎండుచేప కాల్చినట్టే వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు నాకు ఎండుచేప సయించలేదు. "నాకు పుట్టినోలైనా ఇంతే" అన్నారు నాన్నగారు, మా ముగ్గురి వైపూ చూసి. మర్నాటి నుంచి ముసలాయన ఎడమచేత్తో నీళ్లు మోశాడు.

నాన్నగారు ఒక వేసవి మొదట్లో భోజనం మధ్యలో ఒరిగిపోయారు. పదో రోజున పెద్దమ్మ గాజులు పగలగొట్టారు. తర్వాత అమ్మ వంతు. అప్పుడు పురోహితుడు అడ్డుపడ్డాడు. ఈ ఇంటి ఆచారం ప్రకారం కత్తిని కట్టుకున్నదానికి కత్తే భర్త, కత్తి నిలిచి ఉండగా ఆమె ముత్తైదువే అన్నాడు. పెద్దలు ఒక రోజంతా వాదించుకుని తీర్పు చెప్పారు. నలభై మూడో రోజున అమ్మ ఒర తీసిన కత్తి మీద చెయ్యి వేసి, ఇది నా పెనిమిటి అని ప్రమాణం చేయాలి. చేస్తే ఆమె గాజులు ఆమె చచ్చేదాకా ఆమెవే. ఆమె కొడుక్కి మిగిలిన తోటల్లో సగం, ఇంట్లో సగం. చేయలేకపోతే మా అమ్మ పెళ్లాం కాదు. ఉంచుకున్న మనిషి.

పెద్దమ్మకు తోటల కంటే గాజుల మీదే బాధ. తెల్లచీరలో స్తంభానికి చేరగిలబడి, వచ్చేపోయేవాళ్లందరికీ వినపడేలా అనేది: "మొగుడొకడే గదా మా ఇద్దరికీ. ముండమోసింది నానొక్కదాన్నేటి?"

 

ఇక నేను చేసిన పని. నలభై రెండో రోజు మధ్యాహ్నం. మర్నాటి పెద్దల భోజనాలకని తోటలోంచి పదకొండు పనసపళ్లు దించి వంటింటి వెనక పెట్టారు. అన్నిటికంటే చిన్నది నేను దొర్లించుకుపోయాను. ఆ చావు ఇంట్లో నలభై రోజులుగా పిల్లకు తీపి ముక్క పెట్టాలని ఎవరికీ తోచలేదు. కత్తిపీట వంటమనిషి కాళ్ల కింద ఉంది. పండు దాచిన చోటు కత్తి గది. ఎదురుగా పీట మీద కత్తి.

ఒర తీశాను. నల్లగా, అక్కడక్కడ తుప్పు పొలుసులు లేచి ఉంది. మొదటి వేటుకే పండులోకి సగం దిగి, నడిమి బొడ్డులో ఇరుక్కుపోయింది. పండు మీద కాలు పెట్టి, పిడి రెండు చేతులా పట్టి మెలితిప్పాను. ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది. పిడీ, దానికి జానెడు ముక్కా నా చేతిలో మిగిలాయి. తక్కినది పండులో ఉంది.

ఏం చేయాలో నాకు తెలుసు. పెద్దన్న దగ్గర నేర్చుకున్నదే. ఆయన పనస జిగురు పుల్లలకు పూసి చిలకలను పట్టేవాడు. దానికి అంటుకున్న చిలక రెక్క ఊడినా ఊడుతుంది గాని పుల్ల వదలదు. దగ్గరకు వెళ్లి, మాతో కబుర్లు చెబుతూనే వాటి మెడలు తిప్పేసేవాడు. నేను పండులోంచి తెల్లటి జిగురు గోకి, విరిగిన రెండు అంచులకూ మెత్తి, పొడుగు ముక్కను ఒరలో వేసి, పైన పిడిని నిలబెట్టి నొక్కిపట్టాను. రెండు వందల దాకా లెక్కపెట్టాను. పట్టుగుడ్డ మళ్లీ చుట్టాను. భయమేస్తే ఆకలి చచ్చిపోతుందంటారు. నాకు చావలేదు. ఇరవై ఒక్క తొనలు తిన్నాను. తొక్కలు పశువులకు వేశాను. చేతులు ఇసుకతో తోమాను, బూడిదతో తోమాను. వేళ్లు ఒకదానికొకటి అంటుకుంటూనే ఉన్నాయి.

దీపాల వేళ ఎప్పటిలాగే గిద్ద నూనె తెచ్చాను. గిన్నెను మోచేతుల మధ్య పెట్టుకుని తెచ్చాను. అమ్మ దీపం వెలిగించి కత్తికి దండం పెట్టింది. ఎప్పటికంటే ఎక్కువసేపు నిలబడింది. ఆ సాయంత్రం గురించి నాకు గుర్తున్నది అంతే.

మర్నాడు పొద్దెక్కాక సావిట్లో చాపలు పరిచారు. పెద్దలు ఐదుగురు. అందరికంటే పెద్దాయన కొండల వైపు నుంచి వచ్చారు, మాకు తాతగారి వరస, చూపు సరిగా ఆనదు. అమ్మ తలంటుకుని ఎర్ర అంచు చీర కట్టుకుంది. చేతికి ఏడేసి గాజులు. అన్న పక్కనే నిలబడ్డాడు. పదిహేడేళ్లవాడు, అప్పుడే మీసం మొలుస్తోంది. నేను స్తంభం వెనక ఉన్నాను. స్తంభాన్ని పట్టుకుంటే చెయ్యి జారిపోతోంది. చెమట అనుకున్నాను.

పెద్దన్న ఒర ఎడమచేత్తో పట్టుకుని కత్తి దూశాడు. పిడీ జానెడు ముక్కా బయటికి వచ్చాయి. దాని చివర జిగురు దారంలా సాగి తెగింది.

 తాతగారు ముక్కను తెప్పించుకుని వేళ్లతో తడిమారు. "దీన్ని ఎవులైనా ముట్టినారేటమ్మా? నిజం సెప్పు" అని అమ్మను అడిగారు. మెత్తగానే అడిగారు.

"నాను తప్ప ఎవులూ ముట్టనేదు బాబూ" అంది అమ్మ.

నేను నోరు తెరవలేదు. నా కళ్ల ముందు అట్లకాడ ఉంది.

"అయితే ఇరిగిన దాని మీద పెమానం సెల్లదు" అన్నారు తాతగారు.

అప్పుడు పెద్దమ్మ లేచింది. నలభై రోజులుగా లేవాలంటే ఇద్దరు పట్టుకోవలసిన మనిషి. తాతగారి చేతిలోంచి పిడి లాక్కుని, "నీ మొగుడు సచ్చినాడే. ఇప్పుడు రా నా పక్కకి" అని అమ్మ మణికట్ల మీద దాంతోనే కొట్టింది. పద్నాలుగు గాజుల్లో పదకొండు మొదటి దెబ్బలకే పోయాయి. మిగిలిన మూడింటి కోసం మళ్లీ మళ్లీ కొట్టింది. అమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. చాపినవి చాపినట్టే ఉంచింది. గాజుముక్కలు లోపలికి దిగి నెత్తురు మోచేతుల దాకా కారింది.

అన్న ఒక్క గంతులో వెళ్లి పెద్దమ్మను తోశాడు. ఆమె పల్లకీ మీద పడింది. కోళ్లు అరుస్తూ లేచాయి. పెద్దన్న ఒరను తలకిందులు చేసి దులిపాడు. మిగిలిన కత్తి చాప మీద పడింది. మొనవైపు తువ్వాలు చుట్టి పట్టుకుని, తాటికాయ కొట్టినట్టు వేటు వేశాడు. అన్న తల కాచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తాడు. మూడు వేళ్లు చాప మీద పడ్డాయి. అన్న వాటి వంక చూశాడే గాని అరవలేదు. కోడి ఒకటి అటు వస్తుంటే, నీళ్లు మోసే ముసలాయన కాలితో అదిలించాడు. 

ముసలాయనే తన తలగుడ్డ చింపి అన్న చేతికి కట్టాడు. మా పెట్టె ఇసుకలోకి విసిరేశారు. అంతటితో ఆగలేదు. అన్న పుట్టినప్పటినుంచి నాన్నగారు ఏటా ఒక కొబ్బరిచెట్టు వాడి పేర నాటించేవారు. పదిహేడు చెట్లు. బండి కోసం మేం గోడవార కూర్చుని ఉండగానే పెద్దన్న వాటిని కొట్టించాడు. ఒక్కొక్కటీ పడుతుంటే కింద నేల అదిరేది. నేను లెక్కపెట్టాను. కొట్టినవాళ్లు తలలు చీల్చి తెల్లటి మొవ్వు తీసి తింటూ నాకూ ఒక ముక్క ఇచ్చారు. ఆకలేసి తిన్నాను. తియ్యగా ఉంది.

ఆ రోజే, బండి ఎక్కే ముందనుకుంటాను, అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కొబ్బరినూనెతో నా చేతులు తోమింది. ఒక్కో వేలూ పట్టుకుని, గోళ్ల సందులు కూడా వదలకుండా. నాకు గిలిగింతలు పుట్టి నవ్వు వచ్చింది. ఆమె గాజులు నా మణికట్టుకు చల్లగా తగులుతున్నాయి. పుట్టింటికి పిల్లను మురికిచేతులతో తీసుకెళ్లకూడదని తోముతోందనుకున్నాను. యాభై ఆరేళ్లూ అలాగే అనుకున్నాను.

సుమ్మాదేవి స్టేషనులో రైలెక్కి హరిశ్చంద్రపురం దగ్గర మేనమామ ఇంటికి చేరాం. అక్కడ రెండేళ్లున్నాం. అన్న చెయ్యి చీము పట్టి, మానడానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత కలకత్తా వెళ్లిపోయాడు. జనపనార మిల్లులో మగ్గం మీద పెట్టుకోలేదు. రెండు వేళ్ల చేతితో ఏం పని చేస్తాడు. గేటు కాపలాకు పెట్టుకున్నారు. ఎడమచేత్తో రాసిన ఉత్తరాలు వచ్చేవి, అక్షరాలు అన్నీ ఒకే వైపు ఒరిగి. పెళ్లి చేసుకోలేదు. అక్కడే పోయాడు.

అమ్మ పలాస వచ్చి జీడిపిక్కలు కొట్టే పనిలో చేరింది. పిక్క పగిలితే కారే రసం చర్మాన్ని తినేస్తుంది. చేతులకు బూడిద రాసుకుని కూర్చునేవారు. అయినా అమ్మ అరచేతులు రెండేళ్లలో నల్లబడి, పొరలు పొరలుగా లేచిపోయాయి. ఆ చేతులతోనే నన్ను చదివించింది. నా అక్షరాలు చూసి మెచ్చుకునేది, నా పుస్తకం తను తాకేది కాదు, మసి అంటుతుందని.

ఒకసారి, నాకు పద్నాలుగేళ్లప్పుడు, చెప్పేద్దామని మొదలుపెట్టాను. "అమ్మా, ఆ కత్తి..." అన్నాను.

ఆమె పిక్క కొడుతూనే, "ఇనుమే గదే. తుప్పట్టీసుంది. నీకేల ఆ మాట?" అంది.

పాపం, ఏమీ తెలియదనుకున్నాను. నాకు ఉద్యోగం వచ్చిన నాలుగో ఏట ఆమె పోయింది. మా అమ్మను ముండమోయించింది నేను, అన్న వేళ్లు తెగడానికి కారణం నేను, ఆ సంగతి తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అనుకుంటూ ముసలిదాన్నయ్యాను.

కవిటిలో బస్సు దిగి ఆటో ఎక్కాను. ఇరవై రెండు గదుల్లో మూడు నిలిచి ఉన్నాయి. మిగతావి కలపకోసం విప్పుకుని అమ్ముకున్నారు. సింహద్వారం ఉన్నచోట మోటారుసైకిలు నిలబెట్టి ఉంది. కత్తి ఏమైందని పెద్దన్న కూతుర్ని అడిగాను. తన కొడుకు చిన్నప్పుడు పాత ఇనుమువాడికి వేసి పీచుమిఠాయి కొనుక్కున్నాడని చెప్పింది.

పెద్దన్న నులకమంచం మీద ఉన్నాడు. కాళ్లు ఉబ్బి మెరుస్తున్నాయి. మనిషి మొహం ఆ ఉబ్బులో ఎక్కడో ఉంది.

"ముసిల్దానివైపోనావే" అన్నాడు.

"నీకంటే పదకొండేళ్లు చిన్నదాన్నే" అన్నాను.

నవ్వబోయి దగ్గాడు. నీళ్లు ఎక్కువ తాగకూడదట. కూతురు కొలిచి ఇస్తోంది. ఇత్తడి గిద్దతో. చూడగానే గుర్తుపట్టాను. దాని అంచున చిన్న సొట్ట అలాగే ఉంది. నీళ్లు పోసి, మంచం పక్కన స్టూలు మీద పెట్టి, సాయంత్రం దాకా ఇదేనని చెప్పి వెళ్లింది. ఆయన దాన్ని ఒకేసారి తాగడానికి మనసొప్పక చూస్తూ పడుకున్నాడు.

"పెద్దన్నా, ఆ కత్తి విరగ్గొట్టింది నేను" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

నేను కూర్చున్న కుర్చీ పట్టుకున్నాను.

ఆయన గిద్ద వంకే చూస్తూ చెప్పాడు. మధ్య మధ్య ఆయాసం. "ముందునాటి సాయంత్రం మీ యమ్మ రెండోసారి నూనెకొచ్చింది. రోజుకొక గిద్దే గదా. 'ఇప్పుడే గదే గుంట అట్టుకెల్లింది, తాగీసినాడేటి నీ మొగుడు' అంది మాయమ్మ. మీ యమ్మ ఏటీ అన్నేదు. సెయ్యి సాపి నిలబడింది. ఎన్నడూ సెయ్యి సాపిన మనిసి గాదు. మాయమ్మ నవ్వుకుంటా పోసింది. నాకు అనుమానమొచ్చి ఎనకాలే ఎల్లినాను. నిన్ను కూకోబెట్టి సేతులు తోమతంది. పనస జిగురు నాకు తెల్దేటి? తరవాత ఆ గదిలోకెల్లి పిడి ముట్టుకుంటే కదిలింది."

"మరి పెద్దలతో చెప్పలేదేం?"

"సెప్తే నాకేటి లాభం? ఇరగ్గొట్టింది పిల్లని తేలిపోతే కత్తి తప్పు గాదు. మర్నాడు అతికించి పెమానం సేయించీవోలు. తోట సగం పోయీది. నీ సెయ్యి కాల్సీవోలు, అంతే." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మీ యమ్మ సెప్పీస్తాదనే అనుకున్నాను. తాతగారు అడిగినప్పుడు నా గుండె ఆగిపోనాది. సెప్పనేదు."



"ఏదీ, సెయ్యి సూపించు" అన్నాడు.

చూపించాను. కళ్లు చికిలించి చూశాడు. "మచ్చ నేదు" అన్నాడు.

అన్న చెయ్యి గురించి ఆయన అడగలేదు. అడుగుతాడేమోనని చూశాను. వంద దాకా లెక్కపెట్టాను. అడగలేదు. అప్పుడు గిద్ద తీసుకుని, ఆయన కళ్లముందే, నీళ్లన్నీ నేలమీద పోసేశాను. ఒక్క చుక్క మిగలకుండా వంచాను. పాత గచ్చు, చిటికెలో పీల్చేసింది.  ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గాని, అప్పుడు లేదు.

కూతురు వచ్చి ఖాళీ గిద్ద చూసింది. "ఇప్పుడే గదా పోసినాను. అప్పుడే తాగీసినావేటి?" అని తండ్రిని కోప్పడింది.

పెద్దన్న నా వైపు చూశాడు. ఏమీ చెప్పలేదు. చెయ్యి చాపి అలాగే ఉంచాడు. ఆ పిల్ల గొణుక్కుంటూ రెండో గిద్ద పోసింది.

నేను లేచి వచ్చేశాను. అది మాకు ఆఖరి చూపు. పదహారో రోజున పోయాడు.

తిరుగుదారిలో ఆటోకు అటూ ఇటూ కొబ్బరిచెట్లు వెళ్లిపోతుంటే, జీవితంలో మొదటిసారి ఆ రెండు రోజులనూ లెక్క సరిచూసుకున్నాను. అమ్మ నా చేతులు తోమింది బండి ఎక్కే ముందు కాదు, ముందునాటి సాయంత్రం. ఆ పూట మాకు ఆ ఇంట్లో చుక్క నూనె ఇచ్చేవారెవరు? స్తంభం మీద నా చెయ్యి జారింది చెమటకు కాదు, ఆ నూనెకు. ముప్ఫై మూడేళ్లు పిల్లల లెక్కల్లో తప్పులు దిద్దినదాన్ని, ఇంత చిన్న తప్పు చూడలేకపోయాను.

దీపం ముందు ఆమె ఎక్కువసేపు నిలబడింది కదా. అప్పుడే జిగురు చూసింది. తర్వాత వెళ్లి రెండో గిద్దకు చెయ్యి చాపింది. మర్నాడు తాతగారు మెత్తగా అడిగినప్పుడు, పిల్ల చేసిందని ఒక్క మాట అంటే చాలు. గాజులు నిలిచేవి, అన్నకు తోట వచ్చేది, పెద్దమ్మ లేచేది కాదు. ఆ మాటకు ధర నా అరచెయ్యి. అన్న వేళ్లు ఆమె లెక్కలో లేవు. ఆ మూడూ ఎవరూ ఊహించనివి. అవి నా లెక్కలోనే ఉన్నాయి, పెద్దన్న ఏం చెప్పినా.

పలాసలో దిగి, స్టేషను రోడ్డులో చిన్న పనసపండు ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చేసరికి కోడలు నోరు తెరిచి నిలబడిపోయింది. కత్తిపీటా, కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అందరూ పండు కోసే ముందే నూనె రాసుకుంటారు. నాకు ఆ సంగతి పదేళ్లప్పుడు తెలియదు.

అరచేతిలో నూనె పోసుకుని ఒక్కో వేలికీ రాశాను, గోళ్ల సందులు కూడా వదలకుండా. పది వేళ్లూ అయ్యాయి. అయినా పండు మీద చెయ్యి వేయలేదు. కళ్లు మూసుకుని ఇంకాసేపు వేళ్లు తోముకుంటూనే కూర్చున్నాను. మా అమ్మ మణికట్టు మీద గాజులు, ఏడూ ఏడూ పద్నాలుగు, ఒక్కటీ పగలకుండా, నా చెవి దగ్గర మెల్లగా గలగలమంటున్నాయి.